మగ పురుగు ఒక్కటే జాతి కాదు: ఆసియా స్టోన్‌ఫ్లై కొత్త జాతుల వర్ణనపై ఒక అభిప్రాయం

కొత్త కీటక జాతి ఒకటి వర్ణింపబడినదని తెలిసినప్పుడు మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా రెండు స్పందనలు కనిపిస్తాయి. మొదటిది అభినందన. రెండవది, కొంత మెల్లగా అడిగే ప్రశ్న: "దీనివల్ల రైతుకు ఏమి ప్రయోజనం?" ఆ పురుగు పంటను తినేది గాని, పంటను తినే పురుగును తినేది గాని కాకపోతే ఈ ప్రశ్న మరింత గట్టిగా వినిపిస్తుంది. కొండవాగుల రాళ్ల కింద బతికే స్టోన్‌ఫ్లై వంటి కీటకం విషయంలో ఆ ప్రశ్నకు చాలామంది దగ్గర సమాధానం ఉండదు. కొత్త జాతిని వర్ణించిన శాస్త్రవేత్త కూడా "జీవవైవిధ్యం" అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు.

ఆ ప్రశ్నను తోసిపుచ్చనవసరం లేదు. అది న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి సమాధానం పురుగులో లేదు; ఆ పురుగును మనం ఎంతవరకు వర్ణించామన్న దానిలో ఉన్నది. ఆసియాలో ఇప్పటివరకు వెలువడిన స్టోన్‌ఫ్లై జాతుల వర్ణనల్లో అధిక భాగం రెక్కలు వచ్చిన మగ పురుగు దగ్గరే ఆగిపోయాయి. వాగులోకి దిగిన విస్తరణ శాస్త్రవేత్తకు గాని, విద్యార్థికి గాని చేతికి చిక్కేది మాత్రం పిల్ల పురుగు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని పూరించనంత కాలం కొత్త జాతి పేరు మ్యూజియం పెట్టెకే పరిమితమవుతుంది. ఆ ఖాళీని పూరించగల స్థితిలో ఉన్నవి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలే అన్నది ఈ వ్యాసంలో నా వాదన.

ఏ కీటకం గురించి?

స్టోన్‌ఫ్లైలు ప్లెకాప్టెరా క్రమానికి చెందిన కీటకాలు. తెలుగులో వీటికి స్థిరపడిన పేరు లేదు గనుక ఈ వ్యాసంలో స్టోన్‌ఫ్లై అన్న మాటనే వాడుతున్నాను. ఈ క్రమానికి బర్‌మైస్టర్ 1839లో పేరు పెట్టాడు. మడచిన రెక్కలు కలవి అని ఆ గ్రీకు పదానికి అర్థం. విశ్రాంతి సమయంలో వెనుక రెక్కలు విసనకర్రలా మడిచి, ముందు రెక్కల కింద ఉదరంపై బల్లపరుపుగా పరచుకొని ఉండడం వీటి లక్షణం. 2008లో ప్రచురితమైన ప్రపంచ సమీక్ష 3,497 జాతులను లెక్కించింది. ఆ సంఖ్య అప్పటి నుంచి పెరుగుతూనే ఉన్నది. యూరప్, ఉత్తర అమెరికా జాతులతో పోలిస్తే ఆసియా జాతులపై, ముఖ్యంగా ఉష్ణమండల ఆసియా జాతులపై మనకున్న జ్ఞానం చాలా తక్కువ.

వీటి జీవితంలో ఎక్కువ భాగం నీటిలో గడుస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు పారే నీటిలో రాళ్ల కింద, ఆకుల కుప్పల మధ్య పెరుగుతుంది. పలుమార్లు కుబుసం విడిచిన తరువాత చివరిసారి నీటి నుంచి బయటకు పాకి, ఒడ్డున ఉన్న రాయిని పట్టుకొని, రెక్కల పురుగుగా మారుతుంది. ఆ రాతిపై మిగిలే ఖాళీ కుబుసమే చాలాసార్లు ఆ జాతి అక్కడ ఉన్నదనడానికి మనకు దొరికే తొలి ఆధారం. రెక్కల దశ కొద్ది రోజులు లేదా కొద్ది వారాలు మాత్రమే ఉంటుంది.

క్షేత్రంలో పిల్ల పురుగును గుర్తించడం విద్యార్థికి కష్టం కాదు. ఉదరం చివర రెండు తోకలు, ప్రతి కాలి చివర రెండు గోళ్లు ఉంటాయి. మొప్పలు ఉన్న జాతుల్లో అవి ఎక్కువగా వక్షం అడుగున, కాళ్ల మొదళ్ల దగ్గర కుచ్చులుగా కనిపిస్తాయి. దీనితో తరచుగా పొరబడే మేఫ్లై పిల్ల పురుగుకు సాధారణంగా మూడు తోకలు, కాలికి ఒకే గోరు, ఉదరం పక్కల మొప్పలు ఉంటాయి. మరొక గుర్తు కూడా ఉన్నది. పట్టిన పురుగును నిలవ నీటి పళ్లెంలో కొంతసేపు ఉంచితే, ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ అది కాళ్లు రాతికి ఆనించి శరీరాన్ని పైకి కిందికి ఊపుతుంది, వ్యాయామశాలలో దండీలు తీసినట్లు. మొప్పల చుట్టూ నీటిని కదిలించుకోవడానికి అది చేసే ప్రయత్నం అది. ప్రాణవాయువు తగ్గితే తట్టుకోలేని జీవి ఎలా ఉంటుందో పాఠ్యపుస్తకం కంటే ఆ పళ్లెమే స్పష్టంగా చూపుతుంది.

జాతిని ఎలా వర్ణిస్తారు?

ఆసియా సందర్భంలో నియోపెర్లా ప్రజాతిని ఉదాహరణగా తీసుకోవడం ఉచితం. పెర్లిడే కుటుంబానికి చెందిన ఈ ప్రజాతిని నీధమ్ 1905లో స్థాపించాడు. ఆసియా, ఆఫ్రికా, ఉత్తర అమెరికాల్లో వ్యాపించిన దీనిలో వందల జాతులు ఉన్నాయి. వాటిలో అధిక సంఖ్యాకం ఆసియావే. హిమాలయాల నుంచి పశ్చిమ కనుమల వరకు మన దేశంలోనూ ఇవి ఉన్నాయి. చైనా, వియత్నాం, థాయిలాండ్, బోర్నియో, సుమత్రా వంటి ప్రాంతాల నుంచి కొత్త జాతులు వరుసగా వర్ణింపబడుతూనే ఉన్నాయి.

ఇవి రాత్రి వేళ దీపానికి వస్తాయి. వాగు ఒడ్డున తెల్లని గుడ్డ కట్టి దీపం వెలిగిస్తే చేతికి వచ్చేవి రెక్కల పురుగులే. బయటి రూపాన్ని బట్టి వాటిని వేరు చేయడం దాదాపు అసాధ్యం. తలపై ఉండే చిన్న కళ్లు పెర్లిడే కుటుంబంలో చాలా ప్రజాతులకు మూడైతే నియోపెర్లాకు రెండే. దానితో ప్రజాతి తేలుతుంది గాని జాతి తేలదు. పసుపు, గోధుమ రంగుల ఛాయలు ఒకే జాతిలో మారుతాయి, వేర్వేరు జాతుల్లో ఒకేలా ఉంటాయి. కనుక జాతి నిర్ణయానికి మగ పురుగు ఉదరం పైపలకల్లో 7వ, 8వ ఖండితాలపై ఉండే ఉబ్బెత్తు భాగాలను, 10వ ఖండితంపై కొక్కేల వంటి నిర్మాణాలను, చివరకు ఈడియాగస్ అనే మృదువైన జననాంగ నాళాన్ని పరిశీలించాలి. ఈ నాళం సాధారణంగా శరీరం లోపల ముడుచుకొని ఉంటుంది. తాజా పురుగులో ఉదరాన్ని సున్నితంగా నొక్కి గాని, నిల్వ చేసిన పురుగులో క్షార ద్రావణంతో మెత్తబరచి గాని దానిని బయటకు తీయాలి. దానిపై ఉండే సన్నని ముళ్ల అమరికే ఒక జాతిని మరొక జాతి నుంచి వేరు చేస్తుంది. జర్మనీకి చెందిన పీటర్ జ్విక్ 1983లో సుమత్రా, జావా జాతులను పరిశీలిస్తూ ఈ ప్రజాతిని రెండు సమూహాలుగా విభజించడానికి ఆధారమైనవి ఇటువంటి లక్షణాలే. ఆడ పురుగు విషయంలో గుడ్డు పెంకుపై ఉండే గీతలు, గుంటలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు జాతిని పట్టిస్తాయి.

ఈ పరిశీలన తరువాత నామకరణ నియమాలు వస్తాయి. జంతు నామకరణానికి ఆరంభ బిందువు లిన్నేయస్ గ్రంథం పదవ కూర్పు వెలువడిన 1758వ సంవత్సరం. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. దాని ప్రకారం 1999 తరువాత ప్రచురించే ప్రతి కొత్త జాతికి ప్రామాణిక నమూనా ఏదో స్పష్టంగా ప్రకటించాలి. దానిని ఏ సంస్థ సేకరణలో భద్రపరుస్తున్నారో చెప్పాలి. కేవలం ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించిన పేర్లు కూడా జూబ్యాంకులో నమోదు తదితర షరతులతో చెల్లుబాటవుతాయని 2012లో సవరణ వచ్చింది. మన దేశంలో దీనికి అదనంగా జీవవైవిధ్య చట్టం, 2002 ఉన్నది. కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతిని నిర్దేశిత నిధి సంస్థకు తెలియజేసి, నమూనాలను అక్కడ జమ చేయాలని ఆ చట్టం 39వ విభాగం చెబుతున్నది.

గమనించవలసినది ఏమిటంటే, ఈ నియమాలన్నీ ఒక పేరు చెల్లుబాటు కావడానికి కావలసిన కనీస షరతులు మాత్రమే. ఒకే ఒక్క మగ పురుగును చక్కగా వర్ణించి, చిత్రించి, భద్రపరిచినా పేరు చెల్లుతుంది. పిల్ల పురుగు ఎలా ఉంటుందో, అది ఎటువంటి నీటిలో బతుకుతుందో చెప్పాలని ఏ నియమమూ అడగదు. చట్టానికి సరిపడే వర్ణన వేరు, క్షేత్రానికి సరిపడే వర్ణన వేరు. మన సమస్య ఇక్కడే మొదలవుతున్నది.

ఒకే పేరు కింద దాగిన జాతులు

వర్ణనలో లోతు లేకపోతే ఏమి జరుగుతుందో నియోపెర్లా చరిత్రే చెబుతుంది. అమెరికాకు చెందిన ఒక జాతికి న్యూమన్ 1839లో క్లైమెనే అనే పేరు పెట్టాడు. ఆ తరువాత దశాబ్దాల పాటు అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల్లో దొరికిన నియోపెర్లా పురుగులన్నిటినీ ఆ ఒక్క పేరుతోనే పిలిచారు. 1978లో స్టార్క్, బౌమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మగ పురుగుల జననాంగాలను, గుడ్లను నిశితంగా పరిశీలించి ఆ ఒక్క పేరు కింద పలు జాతులు ఉన్నాయని చూపారు. అనంతర పరిశోధనలతో ఆ ఖండంలోని నియోపెర్లా జాతుల సంఖ్య డజను దాటింది. ఆఫ్రికాలో కూడా నియోపెర్లా స్పియో అన్న ఒక్క పేరు చాలాకాలం పలు జాతులను కప్పి ఉంచింది.

దీని పర్యవసానం కేవలం పేర్ల పట్టికకు సంబంధించినది కాదు. 1978కి ముందు "క్లైమెనే ఈ నీటిలో బతుకుతుంది, ఇంత ఉష్ణోగ్రతను తట్టుకుంటుంది" అని రాసిన ప్రతి పరిశీలనా ఏ జాతికి చెందినదో తేల్చడం కష్టమైంది. నమూనాలు భద్రపరచి ఉన్న చోట తిరిగి చూడగలిగారు. నమూనాలు లేని చోట ఆ సమాచారం నిరుపయోగమైంది. నమూనా లేని పరిశీలన రశీదు లేని చెల్లింపు వంటిది. ఆసియాలో మనం ఇప్పుడు అమెరికా 1978కి ముందు ఉన్న స్థితికి దగ్గరలో ఉన్నాము. ఒక తేడా మాత్రం ఉన్నది: అది ఎటువంటి స్థితో మనకు ముందే తెలుసు. అదే తప్పు మళ్లీ చేస్తే మనకు సాకు ఉండదు.

వాగులో ఉన్నది పిల్ల పురుగు

ఇప్పుడు విస్తరణ శాస్త్రవేత్త దృష్టి నుంచి చూద్దాం. నీటి నాణ్యతను జీవుల ఆధారంగా అంచనా వేసే పద్ధతుల్లో మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు, కాడిస్‌ఫ్లైలు ముఖ్యమైనవి. బ్రిటన్‌లో 1970ల చివర రూపొందిన మార్కుల పద్ధతిలో ఒక్కొక్క కుటుంబానికి కాలుష్యాన్ని తట్టుకునే శక్తిని బట్టి 1 నుంచి 10 వరకు మార్కులు ఇచ్చారు. ఎర్రల వంటి ఆలిగోకీట్ పురుగులకు 1, కైరోనమిడ్ దోమల పిల్ల పురుగులకు 2, పెర్లిడే స్టోన్‌ఫ్లైలకు 10. ఒక చోట దొరికిన కుటుంబాల మార్కులను కూడితే ఆ నీటి స్థితి తెలుస్తుంది. ఖరీదైన పరికరాలు అక్కరలేదు; ఒక వల, ఒక తెల్ల పళ్లెం, ఒక భూతద్దం చాలు. రసాయన పరీక్ష ఆ క్షణపు నీటిని మాత్రమే చూపితే, నెలల తరబడి అక్కడే బతికిన పురుగు గడచిన నెలల నీటి చరిత్రను చూపుతుంది. ఈ కారణాల వల్లనే ఆసియా దేశాలు దీనిని స్వీకరించాయి. థాయిలాండ్ తన నదులకు తగినట్లు సవరించుకున్నది. నేపాల్ సొంత మార్కుల పద్ధతిని తయారు చేసుకున్నది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇదే తరహా ప్రమాణాలను రూపొందించింది.

అయితే బ్రిటన్ వాగుల్లో పెర్లిడే కుటుంబ జాతులు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. అక్కడ కుటుంబానికి ఒకే మార్కు ఇస్తే పెద్ద పొరపాటు జరగదు. ఆసియాలో అదే కుటుంబంలో, ఒక్క నియోపెర్లా ప్రజాతిలోనే వందల జాతులు ఉన్నాయి. మిగిలిన స్టోన్‌ఫ్లైలతో పోలిస్తే నియోపెర్లా జాతులు వెచ్చని నీటిలోనూ, పెద్ద నదుల్లోనూ కనిపిస్తాయి. వాటిలో ఏవి సున్నితమైనవి, ఏవి గట్టివి అన్నది పిల్ల పురుగు స్థాయిలో తెలియనప్పుడు అన్నిటికీ 10 మార్కులు ఇవ్వడం ఎంతవరకు సమంజసం?

ఒక సందర్భాన్ని ఊహిద్దాం. కొండవాలులో కూరగాయల సాగు పెరిగింది. పురుగుమందుల వాడకమూ పెరిగింది. కింది ఊరివారు వాగు నీరు మునుపటిలా లేదని చెబుతున్నారు. విస్తరణ శాస్త్రవేత్త పొలాలకు ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట రాళ్లు తిప్పి చూశాడు. రెండు చోట్లా పెర్లిడే పిల్ల పురుగులు దొరికాయి. కుటుంబ స్థాయి పద్ధతి ప్రకారం ఆ అంశంలో రెండు చోట్లకూ అవే 10 మార్కులు. "తేడా లేదు" అని నివేదిక వెళుతుంది. ఎగువన ఉన్నది సున్నితమైన జాతి, దిగువన అది అంతరించి గట్టి జాతి మిగిలి ఉంటే? ఆ నివేదిక తప్పు. ఆ తప్పు శాస్త్రవేత్తది కాదు. పిల్ల పురుగును వర్ణించకుండా వదిలేసిన వర్ణనలది. దాని మూల్యం మాత్రం ఆ నీరు తాగే ఊరివారు చెల్లిస్తారు.

స్టోన్‌ఫ్లై పిల్ల పురుగులకు, పురుగుమందులకు ఉన్న సంబంధం కొత్తగా తెలిసిన విషయం కాదు. అమెరికాలో సాండర్స్, కోప్ 1968లోనే మూడు స్టోన్‌ఫ్లై జాతుల పిల్ల పురుగులపై పలు పురుగుమందుల విషప్రభావాన్ని పరీక్షించి ప్రచురించారు. అక్కడ అది సాధ్యం కావడానికి కారణం ఆ జాతుల పిల్ల పురుగులను నిస్సందేహంగా గుర్తించగలగడమే. ఏ జాతో తెలియని పురుగుపై విషపరీక్ష చేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

వ్యవసాయ చరిత్ర నేర్పిన పాఠం

సరైన వర్ణన వ్యవసాయానికి ఎంత విలువైనదో మనకు దగ్గరి ఉదాహరణలే ఉన్నాయి. కేరళ కాలువలను, వరి పొలాలను కప్పివేసిన సాల్వీనియా అనే తేలే కలుపు మొక్కను చాలాకాలం సాల్వీనియా ఆరిక్యులేటా అనుకున్నారు. ఆ జాతి నుంచి సేకరించిన ముక్కు పురుగును కొన్ని దేశాల్లో విడుదల చేస్తే ఫలితం అంతంత మాత్రమే. అది వేరే జాతి అని గుర్తించి మిచెల్ 1972లో సాల్వీనియా మొలెస్టా అని పేరు పెట్టాడు. అసలు జాతి సొంత నేలను వెదకగా అది ఆగ్నేయ బ్రెజిల్‌లో దొరికింది. అక్కడి ముక్కు పురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో వదిలితే ఏడాది తిరిగేసరికి కలుపు కుప్పకూలింది. చివరికి ఆ ముక్కు పురుగు కూడా పాతది కాదని, కొత్త జాతి అని 1985లో కాల్డర్, సాండ్స్ వర్ణించారు. 1980లలో అదే పురుగు బెంగళూరుకు, కేరళకు వచ్చింది.

బొప్పాయి పిండినల్లి మరొక ఉదాహరణ. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో అది బయటపడేనాటికి దానికి 1992లోనే పేరు, వర్ణన ఉన్నాయి. దానిపై బతికే ఏసిరోఫాగస్ పపాయే అనే పరాన్నజీవిని 2003లోనే వర్ణించారు. కనుకనే 2010లో ఆ పరాన్నజీవిని ప్యూర్టోరికో నుంచి తెప్పించి విడుదల చేయడం సాధ్యమైంది. 2003లో ఆ చిన్న కందిరీగను వర్ణించినవారిని "దీనివల్ల భారత రైతుకు ఏమి ప్రయోజనం?" అని అడిగి ఉంటే వారు ఏమి చెప్పగలిగేవారు? ప్రయోజనం ఏడేళ్ల తరువాత వచ్చింది. వర్ణన ముందే సిద్ధంగా ఉండడమే ఆ ప్రయోజనానికి మూలం.

మూడు అభ్యంతరాలు

నా వాదనపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: పిల్ల పురుగు, గుడ్డు, ఆడ పురుగు అన్నీ దొరికే వరకు ఆగితే, పేరు పెట్టకముందే కొన్ని జాతులు అంతరించిపోతాయి గదా? ఇది బలమైన అభ్యంతరం. ఆగమని నేను అనడం లేదు. మగ పురుగు ఆధారంగా పేరు పెట్టడం సరైనదే. కాని పేరు పెట్టడాన్ని పనికి ముగింపుగా కాక ఆరంభంగా చూడాలి. ఆ తరువాత పిల్ల పురుగును జత చేసినవారి పనికి కూడా కొత్త జాతి వర్ణనతో సమానమైన గుర్తింపు ఇవ్వాలి. ప్రస్తుతం "కొత్త జాతి" అన్న మాట శీర్షికలో ఉంటేనే వ్యాసానికి గౌరవం. "పిల్ల పురుగు వర్ణన" అంటే రెండవ శ్రేణి పని. ఈ దృష్టి మారాలి.

రెండవది: డీఎన్‌ఏ బార్‌కోడ్ ఉండగా ఇంత శ్రమ ఎందుకు? మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 658 క్షారాల వరుస ఆధారంగా జాతులను వేరు చేసే పద్ధతిని హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. పిల్ల పురుగును, రెక్కల పురుగును జత చేయడానికి ఇది ఎంతో ఉపయోగకరం. దానిని తప్పక వాడాలి. కాని వాగు ఒడ్డున నిలబడిన విద్యార్థి చేతిలో భూతద్దం ఉంటుంది గాని సీక్వెన్సర్ ఉండదు. బార్‌కోడ్ రెండు దశలను కలుపుతుంది. కలిసిన తరువాత కంటికి కనిపించే లక్షణాలను రాసిపెట్టవలసినది మనుషులే. పైగా సరైన నమూనా లేని బార్‌కోడ్ పేరు తెలియని అక్షరాల వరుసగానే మిగులుతుంది.

మూడవది: ఇది జంతుశాస్త్ర విభాగాల పని, వ్యవసాయ విశ్వవిద్యాలయాలది కాదు. దీనితో నేను పూర్తిగా విభేదిస్తాను. పురుగులను పెంచడంలో మనకున్న అనుభవం మరెవరికీ లేదు. సుడిదోమను, కాండం తొలిచే పురుగును, మిత్ర పురుగులను ప్రతి దశలో పెంచి, దశలను జత చేసి, చిత్రించడం మన కీటకశాస్త్ర విభాగాల్లో నిత్యకృత్యం. కొండ ప్రాంతాల్లో మన పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఉన్నాయి. వాటి సిబ్బంది ఏడాది పొడవునా ఆ వాగులు దాటే తిరుగుతారు. జంతుశాస్త్రవేత్త ఏడాదికి ఒకసారి వెళ్లే చోటికి మనవారు వారానికి ఒకసారి వెళతారు. అదీగాక, ఆ వాగులోకి చేరే పురుగుమందును సిఫారసు చేసేది మనమే. దాని ప్రభావాన్ని కొలిచే బాధ్యత మరొకరిదని ఎలా అనగలం?

చేయదగిన పనులు

పెద్ద పథకాలు అక్కరలేదు. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండేళ్లలో చేయగల పని ఇది. మొదట, అటవీ శాఖ అవసరమైన చోట అనుమతి తీసుకొని, ఒక వాగులో నెలకొకసారి నిర్ణీత స్థలాల్లో పిల్ల పురుగులను పరిశీలించాలి. రెక్కల మొగ్గలు నల్లబడిన పిల్ల పురుగు కొద్ది రోజుల్లో రెక్కల పురుగుగా మారుతుంది. అటువంటి వాటిని మాత్రమే ఎంచుకొని, వాగులోనే కట్టిన చిన్న జాలీ పంజరాల్లో ఒక్కొక్కదానిని విడిగా ఉంచాలి. రెక్కలు వచ్చిన పురుగును, అది విడిచిన కుబుసాన్ని ఒకే సీసాలో భద్రపరచాలి. ఆ ఒక్క సీసాలో ఒక జాతి రెండు దశలు నిస్సందేహంగా జతపడి ఉంటాయి. కుబుసం మీద తల గుర్తులు, ముళ్ల వరుసలు, మొప్పల స్థానాలు చాలావరకు చెదరకుండా మిగులుతాయి గనుక పిల్ల పురుగు వర్ణనకు అదే ఆధారమవుతుంది.

రెండవది, ప్రతి సీసాలో తేదీ, స్థలం, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, సేకరించినవారి పేరు పెన్సిలుతో రాసిన చీటీ ఉండాలి. కొన్ని పురుగులను డీఎన్‌ఏ కోసం గాఢమైన ఆల్కహాల్‌లో విడిగా ఉంచాలి. ఆడ పురుగు గుడ్లను పారవేయకూడదు. నీటి ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, ఎగువన ఉన్న పంట, వాడిన పురుగుమందులు నమోదు చేయాలి. ఈ చివరి రెండు వివరాలు ఏ వర్గీకరణ వ్యాసంలోనూ కనిపించవు. వాటిని సేకరించగలది వ్యవసాయ విద్యార్థి మాత్రమే. అవసరానికి మించి పురుగులను పట్టకూడదన్నది చెప్పనవసరం లేని నియమం. చిన్న వాగులో ఒక జాతి సంఖ్య ఎంతో మనకు తెలియదు.

మూడవది, జాతి నిర్ణయాన్ని ఒంటరిగా చేయకూడదు. నియోపెర్లా వంటి ప్రజాతిలో పాత ప్రామాణిక నమూనాలు పలు దేశాల మ్యూజియాల్లో చెదిరి ఉన్నాయి. వాటిని చూడకుండా, కనీసం వాటి వివరమైన వర్ణనలతో పోల్చకుండా కొత్త పేరు ప్రకటిస్తే, రేపు మరొకరు దానిని పాత పేరులో కలపవలసి వస్తుంది. భారతీయ జంతు సర్వేక్షణ సంస్థ నిపుణులతో కలిసి పనిచేయడం ఇందుకు సరైన మార్గం. కొత్త జాతి అని తేలకపోయినా నష్టం లేదు. తెలిసిన జాతికి తెలియని పిల్ల పురుగును జత చేయడం కూడా శాస్త్రానికి అంతే కొత్త విషయం.

నాలుగవది, ఫలితాన్ని తెలుగులో అందించాలి. ఒక వాగులో దొరికే స్టోన్‌ఫ్లై, మేఫ్లై, కాడిస్‌ఫ్లై పిల్ల పురుగులను బొమ్మలతో గుర్తించే పది పుటల చిన్న పుస్తకం ఉంటే చాలు. పాడేరు, చింతపల్లి కొండల్లో గెడ్డల వెంట నివసించే యువకులు గాని, ములుగు అటవీ గ్రామాల పాఠశాల పిల్లలు గాని తమ వాగును తామే పరిశీలించుకోగలుగుతారు. ఆ పురుగులు వారికి కొత్తవి కావు. రాయి తిప్పినప్పుడల్లా వారు చూస్తున్నవే. లేనిది పేరు మాత్రమే.

ముగింపు

కొత్త జాతి అన్న మాటలోనే ఒక చిన్న పొరపాటు ఉన్నది. ఆ పురుగు కొత్తది కాదు. అది మనకంటే చాలా ముందు నుంచి ఆ వాగులో ఉన్నది. కొత్తది మనం రాసిన వర్ణన. ఆ వర్ణన మగ పురుగు దగ్గర ఆగితే మనకు ఒక పేరు లభిస్తుంది. పిల్ల పురుగు వరకు, నీటి వరకు, ఎగువన ఉన్న పొలం వరకు సాగితే ఒక కొలమానం లభిస్తుంది. "రైతుకు ఏమి ప్రయోజనం?" అని అడిగేవారికి అప్పుడు చెప్పదగిన సమాధానం ఉంటుంది: మీ పొలం నుంచి దిగిన నీరు కింది ఊరికి ఎలా చేరుతున్నదో ఈ పురుగు చెబుతుంది.

ఈ సంవత్సరం పరిశోధనాంశం కోసం వెదకుతున్న విద్యార్థులు తమ మార్గదర్శకులతో ఈ విషయం చర్చించాలని, మార్గదర్శకులు దానిని "చీడ కాదు" అన్న కారణంతో తిరస్కరించకూడదని కోరుతున్నాను. కావలసిన పరికరాలు చాలావరకు మన ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. వానాకాలపు వరద తగ్గి వాగులు తేటపడిన తరువాత పని మొదలుపెట్టవచ్చు.